కణుపుల దగ్గర ఆగే గాజు

కింద సందులో బొగ్గుల సెగ మీద లక్క కరుగుతోంది. ఆ వాసన పైగదిలోకి రాగానే కంప్యూటర్‌లో ఎంటర్ మీదికి వెళ్తున్న నా వేలు ఆగింది. కరీం భాయ్ మెట్లెక్కి వస్తున్నట్టే అనిపించింది.

లాడ్ బజార్‌లోని ఆయన లక్క గాజుల దుకాణంలో లెక్కలు చూడటానికి చేరాను. కంప్యూటర్ నాకు నేనే నేర్చుకున్నాను. గిరాకీలకు చూపే గాజుల ఫోటోలు తీసే పనీ నాదే. ఆయన పోయినా దుకాణం నడుస్తోంది, నేనూ ఉన్నాను. ఆయన ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. కెమెరా ఎత్తితే ముఖం తిప్పేసుకునేవారు. "నా మూతి ఎవరు కొంటరు యాదగిరీ? గాజు తియ్."

గాజు ఫోటోకైతే తన చెయ్యే ఇచ్చేవారు. నమూనా గాజులన్నీ ఒకే కొలత. అవి ఆయన లావుపాటి వేళ్ల కణుపుల దగ్గర ఆగిపోయేవి. పెళ్లికూతురిలా చెయ్యి తిప్పి "ఎట్లున్న, దుల్హన్ లెక్క?" అనేవారు. "దుల్హా ఉరుకుతడు భాయ్" అని నేనంటే అందరికన్నా ముందు ఆయనే నవ్వేవారు.

ఆయనకొక పట్టింపు ఉండేది. విరిగిన గాజులను పారబోసే ముందు తెల్లగుడ్డ మీద పరిచి చూడాలి. చేరిన కొత్తలో విసుక్కున్నాను. "అన్నీ పగిలినయే కద భాయ్, ఎందుకీ లొల్లి?"

"పగిలినయని నువ్వంటున్నవ్. పరిచి చూసినంక చెప్పు మియా."

పరిస్తే, కాస్త సెగ చూపితే అతుక్కునేవి ఎప్పుడూ కొన్ని కనిపించేవి. లెక్క ముందే తెలుసనుకునే నాకు ఆ గుడ్డ ముందు కూర్చోవడం అలవాటైంది.

ఈమధ్య పాత కంప్యూటర్ మొరాయిస్తోంది. అందులోని ఫోటోలను కొత్తదానిలోకి మార్చాలి. ఏటికొక ఫోల్డర్, అన్నిటిలోనూ ఫోటోలకు అవే డిజైన్ల పేర్లు. కమాండ్లు నాకు కొద్దిగానే వచ్చు కనుక ఏఐని అడిగాను. ఒకే పేరున్న వాటిలో ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యాలన్నాను. కమాండ్ ఇచ్చింది. పోయినవి మళ్లీ రావని కూడా చెప్పింది. నకళ్లే కదా అనుకుని ఎంటర్ నొక్కబోయాను. అప్పుడే లక్క వాసన వచ్చింది.

"ఏదీ తీసెయ్యకు. ఏవి పోతాయో ముందు పరిచి చూపించు" అని రాశాను. అది మరో కమాండ్ ఇచ్చింది. తెర నిండా వరుసలు పరుచుకున్నాయి. పేర్లు ఒకటే, పక్కనున్న ఫైల్ సైజుల్లో మాత్రం ఏ రెండూ కలవలేదు. అంటే నకళ్లు కావు. ఒక పేరు పట్టుకుని పాతదాని నుంచి కొత్తదాని దాకా తెరిచి చూశాను.

అన్నిటిలోనూ అదే డిజైను, అదే చెయ్యి. ఏడాదికొకసారి కొత్తగా తీసినవని ఎలా మరిచానో! ఆయన ముఖం ఉన్న ఒక్క ఫోటో కోసం ఇన్నాళ్లు వెతికాను. ఆ చెయ్యేమో నేను చెరిపేయబోయిన చోట ఉంది.

ఒక్కటీ తీసెయ్యలేదు. ఇప్పుడు ఏ కమాండ్ వచ్చినా ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని చదువుతాను. అప్పుడప్పుడు ఆ ఫోటోలు వరుసగా తెరుస్తాను. గాజు కొలత ఎక్కడా మారదు. మొదటి వాటిలో అది కణుపుల దగ్గరే ఆగిపోయింది. ఆయన పోయే ముందు తీసిన చివరిదానిలో ఏ అడ్డూ లేకుండా మణికట్టు దాకా జారింది.