ఒక్క మనిషికి సరిపోయే మిషను

"లాగు మావా."

"లాగతన్నానే. నువ్వే తొయ్యట్నేదు."

నాకూ మా ఆయనకీ మధ్య ఆఖరి మాటలు ఇవే. ప్రేమగా అనుకున్నవి కావు, అలాగని పోట్లాటా కాదు. పనిలో రోజూ అనుకునే మాటలే. కాసేపటికి ఆయన బొంత అంచు బల్ల మీద వదిలేసి వాకిట్లోకి వెళ్ళాడు. బీడీ కాల్చుకోవడానికి అనుకున్నాను. పక్కింటావిడ కేక వేసేదాకా నేను కుడుతూనే ఉన్నాను. వెళ్ళి చూస్తే అరుగు మీద గోడకి ఒరిగిపోయి ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు ఆసుపత్రిలో.

ఇదంతా రాస్తున్నది నేను కాదు. నాకు సంతకం వచ్చు, బైబిలు కూడబలుక్కుంటూ చదువుతాను, అంతవరకే. నేను చెబుతుంటే మా ఆయన చెల్లెలి కూతురు, మా మేనకోడలు, రాస్తోంది. ఉద్యోగం పరీక్షకి చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటోంది. నేను ఒక మాట అంటే అది పుస్తకాల్లో మాటగా మార్చి పెడుతుంది. పెట్టుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను.

మా పని బొంతలు కుట్టడం. నర్సీపట్నంలో జాకెట్లు కుట్టేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు గానీ బొంతలంటే అందరూ చేతులెత్తేస్తారు. చలి మొదలయ్యే ముందు ఏజెన్సీ కొండల నుంచి దిగేవాళ్ళు పాత చీరలు మూటకట్టి తెస్తారు. వాటిని ఉతికి, పల్చగా గంజి పెట్టి, ఆరేసి, ఒకదాని మీద ఒకటి పరిచి, కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి అప్పుడు మిషనెక్కిస్తాం. పైన పువ్వో ఆకో కావాలంటే వేరే రంగు గుడ్డలో ఆ ఆకారం కోసి, అంచు చుట్టూ కుట్టి అతికిస్తాం. దాన్ని ఇప్పటివాళ్ళు ప్యాచ్ వర్క్ అంటున్నారు.

మాది కాలి మిషను. సూది కింద ఉండి గుడ్డని జరిపే పళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. కొత్త పళ్ళు వేయిద్దామంటే వినలేదాయన. తనే ఆ పళ్ళ పని చేశాడు. నేను ఇటు కూర్చుని తోస్తాను, ఆయన బల్లకి అటుపక్క నిలబడి లాగుతాడు. జానెడు కుట్టగానే నేను తలెత్తుతాను, ఆయన బరువంతా భుజం మీదికి తీసుకుంటాడు, మళ్ళీ తొక్కుతాను. అందుకని మా గదిలో మంచం గోడకి ఉండేది గానీ బల్ల నడిమధ్యలో ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళు బల్ల చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్ళాల్సిందే.

ఆయన భూస్థాపన, ఆదరణ కూడిక అన్నీ అయ్యాయి. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఆ తర్వాత నాకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టి వీధి చివరిదాకా పోయి వచ్చేదాన్ని. గొలుగొండ బస్సెక్కి మా చెల్లెలి ఇంటికి వెళ్ళేదాన్ని, చెప్పులు విప్పకుండానే తిరుగు బస్సు ఎప్పుడని అడిగేదాన్ని.

"ఏటప్పా, ఇలగొచ్చి అలగెల్లిపోతావు? ఆ బొంతలింక ఒగ్గీ. ఒక్కదానివీ ఏటి తోత్తావు, ఏటి లాగతావు? మా ఇంటికొచ్చీ. కోళ్ళని సూసుకుంటూ కూకుందువు గాని," అంది మా చెల్లెలు.

"కోళ్ళని సూడ్డానికి పుంజుంది గదే," అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది అన్న మాటలో అబద్ధం లేదు మరి. బొంత కుట్టడానికి ఇద్దరు కావాలి. నేను ఒక్కదాన్నే మిగిలాను. ఒక్కదాన్నీ కుట్టగలిగితే నా ఇంట్లో నేను ఉంటాను, లేదంటే చెల్లెలి కోళ్ళ దగ్గర ఉంటాను. నా బెంగంతా అదే.

మిషను మీద సగం కుట్టిన బొంత అలాగే ఉండిపోయింది. అది కొండ మీద నుంచి వచ్చిన ఒకావిడది. చనిపోయిన వాళ్ళమ్మ చీరలు తెచ్చింది. కూతురికి నెలలు నిండుతున్నాయి, పుట్టే బిడ్డకి ఆ చీరల బొంత కప్పాలని ఆమె కోరిక. చుట్టూ అడ్డాకులు కుట్టమంది. వాళ్ళు విస్తళ్ళ కోసం అడవిలో ఏరి సంతకి తెచ్చేది ఆ ఆకే. రెండు రెక్కలుగా ఉంటుంది. ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడు సంగతి చెప్పి, మీ చీరలు మీరు తీసుకెళ్ళండన్నాను.

"సగం కుట్టేక ఇంక సీరలేటమ్మా, బొంతే గదా. నువ్వే కుట్టు. మా పిల్ల నీలాడీలోపు ఇయ్యి, సాలు," అని వెళ్ళిపోయింది.

పళ్ళు బాగున్న మిషనైతే ఒక్కదాన్నే కుట్టొచ్చేమో అనిపించి, ఆ రోజే మేనకోడలిని లేవదీశాను. "పదే, మిసను కొందాం. బేగి పద."

బొంతని దుప్పట్లో మూటకట్టి ఆటోలో వేసుకుని వెళ్ళాం. మొదటి కొట్లో తెల్లగా ముచ్చటగా ఉన్న మిషను చూపించారు. దానికి బుల్లి టీవీలాంటిది ఉంది, మీట నొక్కితే ఏ పువ్వు కావాలంటే ఆ పువ్వు కుడుతుందట. మేనకోడలి కళ్ళు దాని మీదే.

"అత్తా, నువ్వేటీ సెయ్యక్కర్నేదు. పువ్వులన్నీ అదే కుట్టేత్తాది."

"పువ్వులు అదే కుడితే నేనేటి సెయ్యాల? ఎదురుగా కూకుని సప్పట్లు కొట్టాలా?"

కొట్టువాళ్ళు కొత్త గుడ్డ ముక్క ఇచ్చి కుట్టి చూడమన్నారు. ఆ ముక్క మీదైతే ఎలుకపిల్ల కూడా కుడుతుందని చెప్పి నా మూట విప్పాను. గుడ్డని నొక్కిపట్టే పాదం ఉంటుంది కదా, బొంత దాని కిందికే దూరలేదు. తోసి దూర్చితే, చుట్టిన బొంత పట్టడానికి సూదికీ మిషను మెడకీ మధ్య చోటు చాల్లేదు. వద్దని లేచాను.

బస్టాండు దాటాక ఇంకో కొట్టు ఉంది. ఆ కొట్టాయన పెద్ద వయసు మనిషి, నిదానస్తుడు. మూట చూడగానే టీవీల మిషన్ల జోలికి పోకుండా ఇనప మిషను ఒకటి చూపించాడు. మోటారుది. జిగ్‌జాగ్ కుట్టు ఉంది, ఆకు అంచులు కుట్టడానికి అది కావాలి. పాదం బాగా పైకి లేస్తుంది. మెడ కింద చోటు కూడా ఉంది. అన్నీ బాగున్నాయి గానీ బల్ల గోడకి ఆనించి పెట్టారు.

"ఇలగ గోడకంటించేరేటి బాబూ? ముందుకి జరపండి," అన్నాను.

"ఎందుకమ్మా?"

"ఎనకాల మనిసి నిలబడ్డానికి సోటుండాల గదా."

కొట్టాయన మా మేనకోడలి వంక చూశాడు. అది నేల చూపులు చూసింది. ఏమనుకున్నాడో, బల్ల ముందుకి లాగించాడు.

కుట్టు మొదలుపెట్టాను. మోటారు బుర్రుమంది. నేను తోశాను. కుట్టిన భాగం బల్ల అవతలకి జారి, బరువుకి కిందకి వేలాడి, గుడ్డని లాక్కుపోయింది. కుట్లు బారుబారుగా పడ్డాయి. టప్పుమని సూది విరిగింది.

"ఇది కూడా బావుండనేదు," అన్నాను.

కొత్త సూది వేశాడు. మళ్ళీ తోశాను. జానెడు కుట్టి, కాలు తీసి, తలెత్తి చూశాను. మళ్ళీ కుట్టాను, మళ్ళీ ఆపి చూశాను. మళ్ళీ సూది విరిగింది.

"అమ్మా, కుట్టి కుట్టి ఆపేసి ఎవరికోసం సూత్తన్నారు? అక్కడెవరూ నేరు గదండీ," అన్నాడాయన. వెటకారం కాదు. తెలియక నిజంగానే అడిగాడు.

అప్పటిదాకా నేను అలా చూస్తున్నానని నాకే తెలియదు. అక్కడ గోడకి తగిలించిన దారాల అట్టలు ఉన్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. మేనకోడలు గబగబా అవతలకి వెళ్ళి బొంత అంచు పట్టుకుంది.

"కుట్టత్తా, నేను లాగతాను."

"నువ్వెన్నాల్లు లాగతావే? పరీచ్చ పాసయ్యి ఉజ్జోగానికెల్లిపోవా? ఒగ్గీ. ఇటు రా!"

నాది బొంగురు గొంతు. మెల్లగా అన్నా కేక లాగే ఉంటుంది. కొట్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అది అంచు వదిలేసి కళ్ళు తుడుచుకుంది. నేను కొట్టాయన వైపు తిరిగాను.

"గోడకి జరిపీండి."

"ఇప్పుడే గదమ్మా ముందుకన్నారు?"

"ఇందాక అలగన్నాను. ఇప్పుడిలగంతన్నాను. జరపండి బాబూ."

గోడకి జరిపాక కుట్టాను. ఈసారి బొంత కింద పడలేదు. గోడ దగ్గర మడతలు పడి బల్ల మీదే ఆగింది. తోయకండి, చేతులు ఊరికే ఆనించండి, పళ్ళే తీసుకెళతాయి అన్నాడాయన. తోయకుండా ఉండడం నాకు చేతకాలేదు. ఎన్నిసార్లు వద్దనుకున్నా చేతులు ముందుకే పోయాయి. చివరికి చేతులు ఎత్తి పట్టుకున్నాను. గుడ్డ దానంతట అదే నడిచింది. నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. ఇంత సులువా అనిపించింది.

తర్వాత ఆకు మీదికి వెళ్ళాను. అడ్డాకులో రెండు రెక్కలు కలిసే చోట అంచు లోపలికి మలుపు తిరుగుతుంది. సూది గుడ్డలో దించి, పాదం ఎత్తి, బొంత మొత్తం తిప్పాలి. ఇంటి దగ్గర ఆ మలుపు ఇద్దరం తిప్పేవాళ్ళం. ఇక్కడ చుట్టి పట్టుకుని, మోచేత్తో నెట్టి తిప్పాను. రొప్పు వచ్చింది గానీ తిరిగింది.

"ఇదే ఇయ్యండి," అన్నాను. ధర దగ్గర ఆయనా నేనూ గొంతులు చించుకున్నాం, అది ఇక్కడ అనవసరం.

ఇంటికొచ్చి, పాత బల్ల తీసేసి, ఇద్దరం కొత్తది గోడకి నెట్టాం. గది ఒక్కసారిగా పెద్దదైపోయింది. వీధిగుమ్మం నుంచి వంటింటికి తిన్నగా నడిచిపోవచ్చు. నాకది గిట్టలేదు. కొన్నాళ్ళు పాత అలవాటున బల్ల లేని చోట కూడా చుట్టూ తిరిగే వెళ్ళాను.

బొంత పూర్తి చేశాను. కొత్త కుట్టు సన్నగా బిగుతుగా పడింది. పాత కుట్టు కాస్త వదులు. ఎక్కడిదాకా ఇద్దరం కుట్టామో, ఎక్కడి నుంచి నేను ఒక్కదాన్నే కుట్టానో చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. విప్పి మళ్ళీ అంతా ఒకేలా కుడదామా అని ఆలోచించాను. చెయ్యి రాలేదు.

కొండ మీది ఆవిడ వచ్చి, అరుగు మీద పరిచి, అరచేత్తో అంతా తడిమింది. నేను గుమ్మంలోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

"ఇటేపు మెత్తగుంది, అటేపు గట్టిగుందేటమ్మా?" అంది.

"రెండు మిసన్ల మీద కుట్టేను."

ఇంకోసారి తడిమింది. "సరే గానీ. మెత్తటేపు బిడ్డకి, గట్టేపు దాని తల్లికి," అని మడిచి చంకన పెట్టుకుంది. వెళుతూ వెళుతూ వాళ్ళ ఊళ్ళో ఇంకొకరికి కూడా కావాలట, చీరలు పంపిస్తానంది.

ఆ చీరలు వచ్చాయి. ఉతికాను, గంజి పెట్టాను, టాకాలు కూడా వేశాను. ఇది చెబుతున్నంతసేపూ కళ్ళు వాటి మీదే ఉన్నాయి.

"ఒలే, రాసింది సాలు. మొదట్నించీ సదువు. నేను అనని మాటేదన్నా ఎట్టేవేమో సూత్తాను. నేను మాత్రం కూకుని ఇనలేను, కుడతా ఇంటాను. మోటారు సప్పుడికి ఇనపడకపోతే గొంతెత్తి సదువు."