ఒకే గదిలో పాడటం

తల్లిదండ్రులు విడిపోయినప్పుడు ఎలోయిసాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడు గాస్పర్‌కు ఆరు. ఆమె వల్దీవియాలో తల్లి దగ్గర ఉండిపోయింది. వాడిని తండ్రి దేశం దక్షిణపు చివరి కొసన ఉన్న పుంతా అరేనస్‌కు తీసుకుపోయాడు. పెద్దయ్యాక ఇద్దరి చేతికీ ఫోన్లు వచ్చాయి. ఆమె ఒక చరణం పాడి పంపేది, వాడు తన గొంతు కలిపి తిప్పి పంపేవాడు. అలా పుట్టిన పాటలు నెట్‌లో పెడితే జనం విన్నారు. కన్సెప్సియోన్ నగరంలో చిన్న రికార్డింగ్ సంస్థ నడిపే ఇర్మా అనే ఆవిడ ఆల్బమ్ చేద్దామంది.

ఆ చలికాలం గాస్పర్ గిటార్ తీసుకుని వచ్చాడు. తల్లి ఇంట్లోనే మైకులు పెట్టారు. రేకుల మీద వాన తెరిపివ్వలేదు గానీ అసలు చిక్కు అది కాదు. ఒకే గదిలో నిలబడితే ఇద్దరికీ పాట కుదరలేదు. నువ్వు ముందంటే నువ్వు ముందని ఆగిపోయేవారు. కొత్తవాళ్ళలా మర్యాదగా మాట్లాడుకునేవారు. ఫోన్లో పాడినట్టు పాడమని ఇర్మా విసుక్కుంది.

ఒక సాయంత్రం టీ దగ్గర, ఎలోయిసా దాచుకున్న ఆపిల్ కేకు ముక్కను వాడు తినేశాడు.

"అడగాలని తెలీదురా? ఇదేమైనా హోటలా?"

"నాకు హోటల్లాగే ఉందిలే. మీ ఇల్లు, మీ అమ్మ."

"'మీ అమ్మ' అంటావేంట్రా?"

వాడు ప్లేటు పక్కకి జరిపాడు. "నన్ను పంపించేసిన రోజు నువ్వు గుమ్మందాకా కూడా రాలేదక్కా. బస్సెక్కేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నా."

"నాకెవరు చెప్పార్రా? బళ్ళో ఉన్నా. ఇంటికొచ్చేసరికి నీ మంచం కూడా లేదు."

పక్క గదిలో తల్లి కుట్టుమిషన్ ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఆమె మాత్రం ఇటు రాలేదు.

మర్నాడు అక్క పాడుతుండగానే గాస్పర్ మధ్యలో దూరిపోయాడు. ఆమె ఆపలేదు, పక్కకి తప్పుకోలేదు. పాట అయ్యాక నీకు తొందరెక్కువ అంది. నువ్వు సాగదీస్తావన్నాడు వాడు. ఇర్మా ఆ మాటల్ని కూడా పాట చివర ఉంచేసింది.

ఆల్బమ్ వసంతంలో వచ్చింది. పెద్ద పేరేమీ రాలేదు. ఊరి రేడియోలో కొన్నాళ్ళు వినిపించింది, విద్యార్థుల హాల్లో కచేరీ పెడితే నిండింది. తల్లి ముందు వరసలో కూర్చుంది. తండ్రి రాలేదు. లారీ నడుపుతూ వింటున్నానని, ఏ గొంతు ఎవరిదో తెలియడం లేదని కబురు పెట్టాడు.

గాస్పర్ మళ్ళీ దక్షిణానికి పోలేదు. తల్లి ఇంట్లోనే ఉండమంటే వద్దని, నది అవతల గది అద్దెకు తీసుకున్నాడు. ఆదివారాలు భోజనానికి వస్తాడు. కొత్త పాట ఎవరు ఎత్తుకోవాలన్న దగ్గర అక్కతో గొడవ పడి, చీకటి పడేలోగా పడవెక్కి వెళ్ళిపోతాడు.