ఆస్పత్రి రోజు దోశ

ఫినాయిలు వాసన, స్పిరిట్ దూది వాసన కలిసి ముక్కుకు తగిలితే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది, నాకు మాత్రం ఆకలవుతుంది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు. పోయిన నెల మా అమ్మాయికి జ్వరం తగ్గకపోతే రక్తపరీక్షకని నంద్యాలకు తీసుకుపోయాను. గాజు తలుపులు, చల్లగాలి మిషను, గోడకు టీవీ, అన్నీ కొత్తవే గానీ ఆ వాసన మాత్రం పాతదే, అది తగలగానే నోట్లో నీళ్లూరాయి. ఏదైనా తిందామా అని నేనడిగితే పిల్ల జ్వరంలోనే నవ్వింది. "ఈడ నీకు ఆకలెట్లా అయితాంది మా?" అంది. పొద్దున ఏమీ తినలేదని అబద్ధమాడాను. నిజం చెప్పాలంటే మా అమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టాలి, ఆస్పత్రి బెంచీ మీద అది తెమిలే పని కాదు.

మాది ఆళ్లగడ్డ. మా నాయన పరుపులు కుట్టేవాడు. పత్తి తీతలు అయిపోయాక దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్లమీద పోతే నాలుగైదు రోజులకొకసారి ఇంటికొచ్చేవాడు, వచ్చినప్పుడు కనుబొమల మీద, మీసాల మీద, చెవుల్లో కూడా దూది ఉండేది. మా వీధి మొదట్లో దేవుళ్ల బొమ్మలు చెక్కే కొట్టాలు, పొద్దుపొడుపు నుంచి ఉలి మీద సుత్తి పడే చప్పుడు, ఎండాకాలం గాలి తిరిగిందంటే ఆ రాతిదుమ్మంతా మా ఇంటి నీళ్లకుండ మూత మీదనే. ఇంట్లో తిండికి కరువు లేదు, అలాగని రకాలూ లేవు. జొన్నరొట్టె, రోట్లో నూరిన పచ్చడి ఊరిమిండి, చలికాలంలో కొత్త చింతకాయ తొక్కు, వాన పడిన రోజు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, పీర్ల పండగకు రొట్టెలో బెల్లం వేసి మెదిపిన మలీద, రంజానుకు పాలల్లో తేలే సేమ్యా. బస్టాండు దగ్గర పొద్దున్నే బొరుగుల ఉగ్గాని తిరగమాత ఘాటు, మిరపకాయ బజ్జీలు నూనెలో పొంగే వాసన ఊరంతా కమ్ముకునేవి గానీ అవి బండ్లవాళ్లకు, కూలికి పోయే మగవాళ్లకు, మాకు కాదు.

మా వీధిలో హోటలు తిండి అంటే ఒకటే అర్థం, ఎవరికో ఒంట్లో బాగలేదని. ఎవరి చేతిలోనైనా ఆకులో కట్టిన ఇడ్లీ పొట్లం కనిపిస్తే చాలు, గడపల్లో కూర్చున్న ఆడవాళ్లు యాడ కొన్నావు, ఎట్లుంది అని అడగరు, ఎవరికి జ్వరమని అడుగుతారు. బాగున్న మనిషి హోటల్లో తినడం ఏందీ అని వాళ్ల లెక్క. ఇల్లూ పొయ్యీ ఉన్న ఆడమనిషి బల్ల ముందర కూర్చుని తింటే ఇంక ఆ ఇంటికి మర్యాద ఉంటుందా! ఒక్క నంద్యాల ఆస్పత్రికి పోయిన రోజు మాత్రం మినహాయింపు, ఆ రోజు ఎవరు తిన్నా ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు.

అమ్మ పేరు పీరమ్మ. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు ఆమెకు కడుపునొప్పి మొదలైంది. వాము నమిలింది, తాయెత్తు కట్టించుకుంది, చివరికి నెలకు రెండుసార్లు నంద్యాల పోయి చూపించుకోమన్నారు. నాయన ఊళ్లమీద ఉంటాడు కాబట్టి తోడు నేను. అమ్మకు చదువు రాదు, చీటీ మీద నంబరు చదివి పెట్టడానికి, ఏ గది ముందర నిలబడాలో చెప్పడానికి నేనే పెద్దమనిషిని. ఎర్రబస్సులో కిటికీ పక్క సీటు, శిరివెళ్ల దాటాక కాలవ గట్లు, తడి వరిమళ్ల మీదుగా వచ్చే చల్లగాలి, నంద్యాల మొదట్లో నూనెపల్లె రాగానే మిల్లుల నుంచి పత్తిగింజల నూనె వాసన. ఆస్పత్రి వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. చుట్టూ ఎవరెవరో మూలుగుతుండేవాళ్లు. నేను మాత్రం ఫినాయిలు వాసన పీల్చుకుంటూ ఇక్కడి పని అయ్యి హోటలుకు ఎప్పుడు పోతామా, దోశ ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

హోటలు బస్టాండుకు పోయే దారిలో ఉండేది. ఆడవాళ్లకు లోపల వేరే గది, దానికి పచ్చగుడ్డ తెర, తెర అంచంతా చేతులు తుడుచుకున్న మరకలు. బల్ల ఎప్పుడూ తడిగానే ఉండేది, దాని మీద తుడుపుగుడ్డ వాసన. ఇవేవీ నాకు పట్టేవి కావు. కాసేపటికి తెర తొలిగి దోశ వచ్చేది. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, మధ్యలో మెత్తగా, అంచున కరకరలాడుతూ, పక్కన శనగపిండి చట్నీ పొగలు కక్కుతూ. నా కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, అయినా ఆపేదాన్ని కాదు. అమ్మ నా ఎదురుగా కూర్చుని టీ తెప్పించుకుని, సాసర్లో పోసుకుని, రెండు గుక్కలు తాగి పక్కకు నెట్టేసేది. తనకు ఆకలి లేదనేది. నేను నమ్మాను. నమ్మితే నాకు మొత్తం దోశ దక్కుతుంది మరి, ఎందుకు నమ్మను?

ఆ రోజుల్లో నేను ఎంత పాడు పిల్లనో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నంద్యాల పోయే రోజు ఎప్పుడొస్తుందా అని వేళ్లు మడుచుకుని లెక్కపెట్టేదాన్ని. అమ్మ రాత్రిపూట నొప్పితో లేచి కూర్చుంటే, ఈ లెక్కన ఇంకా చాలాసార్లు పోవాల్సి ఉంటుందిలే అని లోపల సంబరపడేదాన్ని. ఒకసారి ముసురు పట్టింది, వీధిలో బురద, అమ్మకు ఆ పూట కాస్త నెమ్మదిగా ఉంది. పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చుని, ఈ తూరి పోకుంటే ఏమవుతుందిలే అంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. "పోకుంటే డాక్టరు తిడతాడు మా. నీకు నొప్పి ఉండాది కదా, పోదాం" అన్నాను. అమ్మ నా మొహం వంక చూసి మురిసిపోయింది. ఈ పిల్లకు నా మీద ఎంత దిగులో చూడు అని పక్కింటామెతో చెప్పి, ఆ వానలోనే కొంగు నెత్తిన కప్పుకుని బయల్దేరింది. బస్సులో కుదుపు వచ్చినప్పుడల్లా ముందు సీటు కమ్మీ పట్టుకుని పళ్లు బిగబట్టింది. నేను కిటికీ అద్దం మీద వేలితో బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాను.

చివరిసారి నాయన కూడా వచ్చాడు. ఆయన పని మానుకుని రావడమే వింత. డాక్టరు ఆయన్ను ఒక్కడినే లోపలికి పిలిచాడు. అమ్మా నేనూ వరండాలో బెంచీ మీద ఉన్నాం. బయటికొచ్చి నాయన తువ్వాలు ఒకసారి దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు, గోడవైపు చూస్తూ అన్నాడు: "ఇంగ మనం ఈడికి రావాల్సిన పని ల్యాదంట పీరమ్మా. నీకేం తినబుద్ధయితే అది తినమన్నాడు."

అమ్మకు అర్థమైంది. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి నడుం దగ్గర దోపుకుంది, అంతే. నాకూ అర్థమైంది, నాకు అర్థమైనంతవరకు. ఇంక నంద్యాల లేదు, బస్సు లేదు, పచ్చతెర లేదు, దోశ లేదు. నేను ఏడుపు మొదలుపెట్టాను. బెంచీ దిగి నేల మీద కూర్చుని, కాళ్లు కొట్టుకుంటూ, వద్దు, వద్దు, మళ్లీ రావాల, మళ్లీ రావాల అని ఆస్పత్రి అంతా వినబడేటట్టు ఏడ్చాను. దారినపోయే నర్సు నిలబడిపోయింది. నాయన మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ కిందికి వంగి, ఆ వంగడానికే ఆమెకు ఎంత నొప్పైందో, నన్ను ఎత్తుకుని ఒళ్లో పెట్టుకుంది. "ఊరుకో తల్లీ. నేను యాడికీ పోను. నిన్నిడిసి యాడికి పోతా?" అంది.

తర్వాత అమ్మే పాపకు దోశ తినిపిద్దామంది. నాయన మూడు దోశలు చెప్పాడు. అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని మింగలేక నీళ్లు తాగింది. తన దోశ కూడా నా పళ్లెంలోకి నెట్టింది. నేను రెండూ తిన్నాను, ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకే తెలియదు. ఆకలికి ఏడుపు కూడా మర్చిపోయింది పసిది అని ఆమె నాయనతో అంటూ నా మూతి తుడిచింది.

ఆ తర్వాత అమ్మ పట్టుమని రెండు నెలలు కూడా లేదు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ సంగతే చెప్పేది, మంచం పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, నా జుట్టులో వేళ్లు పెట్టి. "నాకంటే ముందు నా బిడ్డకే తెలిసిపాయ. నాకోసరం ఎంతేడ్చిందో అడగండి ఈయన్ను" అనేది. నొప్పి ఎంత ఉన్నా ఆ మాట చెప్పేటప్పుడు మొహం వికసించేది. వచ్చినవాళ్లు నా బుగ్గలు నిమిరేవాళ్లు. నాకు భయమేసేది, సిగ్గేసేది, అయినా నోరు విప్పలేదు. ఆమె పోయిన రోజు నాకు కన్నీళ్లు రాలేదు. పాపం, ఏడ్చేదంతా ఆ పొద్దే ఏడ్చేసింది అని పెద్దవాళ్లు సర్దిచెప్పుకున్నారు.

ఇప్పుడు ఆ దారిలో ఆ హోటలు లేదు, ఆ స్థలంలో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. పచ్చతెర గదులు ఏ ఊళ్లోనూ లేవు, ఆళ్లగడ్డలో ఆడవాళ్లు ఉగ్గాని బండి దగ్గర నిలబడి నవ్వుకుంటూ తింటారు, ఎవరింట్లో జ్వరమని అడిగే నోళ్లు పోయాయి. నాయన దూదేకే విల్లు నారి తెగి అటక మీద పడి ఉంది. పోయినేడు నాయనా పోయాడు. పోయేదాకా ఆయన నా కూతురికి ఆ కథే చెప్పాడు, మీ అమ్మ అంతున్నప్పుడే తల్లికోసం ఎట్లా ఏడ్చిందో అని, నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ వినేదాన్ని. సరిదిద్దాలంటే ముప్ఫై అయిదేళ్లలో ఒక్క నిమిషం చాలు, నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఆ కథ చెప్పుకుని మురిసిన అమ్మా నాయనా ఇద్దరూ లేరు కాబట్టి చెబుతున్నాను. నేనేడ్చింది నీకోసం కాదు అమ్మా, దోశ కోసం.