అట్ట మీది చమ్కీ చొక్కా

కలకత్తా మెటియాబ్రుజ్‌లో పొద్దస్తమానం ఆడవాళ్ల బట్టలకు చమ్కీలు కుట్టడం నా పని. మొన్న భవానీపూర్‌లో నేను దాదా అని పిలిచే ఒక బెంగాలీ పెద్దాయన కూతురి పెళ్లి లెహంగా ఇవ్వడానికి వెళ్తే, ఆయన నాకు టీ ఇచ్చి, తన కుర్రతనంలో కొన్న ఇంగ్లీషు రాక్ రికార్డు పెట్టాడు. అలాంటి సంగీతం వినడం నాకదే మొదటిసారి. గిటార్ మోగగానే ఒళ్లు ఝల్లుమంది. రికార్డు అట్ట చూశాక మాత్రం కడుపు మండిపోయింది. పాడేవాడు మగాడే. కళ్లకు నీలం రంగు, కాళ్లకు ఎత్తు మడమల బూట్లు, మెడ నుంచి నడుము దాకా చమ్కీల చొక్కా. వీడికి నాన్న లేడా?

చిన్నప్పుడు అమ్మ పాత జాకెట్టు చమ్కీలు విప్పి నా చొక్కా కాలరుకు కుట్టుకుంటే, ఓడరేవులో మూటలు మోసే మా నాన్న "ఏటిరా ఈ ఆడంగి ఏసాలు?" అంటూ ఆ కాలరు చింపేశాడు. వీడేమో అదే వేషం నిలువెల్లా వేసుకుని గొంతెత్తి పాడితే, లోకమంతా ఎగబడి కొనుక్కుంది.

"పాట బాగుందా?" అన్నాడు దాదా.

"భుజం దగ్గర కుట్టు వంకరగా ఉంది," అన్నాను.

ఆయన నవ్వి రికార్డు రెండో వైపు తిప్పాడు. అట్ట ఇమ్మని చెయ్యి చాపితే మాత్రం నేను ఇవ్వలేదు.