ఈగలు తోలే చెయ్యి

అమలాపురంలో పళ్ల డాక్టరుగారి దగ్గర నేను నర్సుగా ఉండగా, రాజోలు నుంచి ఒక కోడలు పక్షవాతంతో మాట పడిపోయిన అత్తగారిని ఆటోలో తీసుకొచ్చింది. ఫ్యాను కింద కూర్చున్నా ఆ కోడలి చెయ్యి ఆగలేదు. అత్తగారి తెరిచిన నోటి మీద ఈగలు తోలుతున్నట్టు ఊగుతూనే ఉంది.

“చిగుళ్లలో ఏదో కదులుతోందండీ. నా భ్రమంటున్నారండీ మా ఆయన.”

డాక్టరుగారు టర్పెంటైన్ దూది పెట్టగానే తెల్లటి పురుగులు బయటికొచ్చాయి. నోట్లో ఈగ గుడ్లు పెట్టిందన్నారు. ఆయన పట్టకారుతో తీస్తుంటే నేను పక్కకి చూశాను. కోడలు మాత్రం అత్తగారి తల వదల్లేదు.

“ఇవి సీసాలో వేసివ్వండి, ఇంట్లో చూపించాలి,” అంది.

ఇచ్చాను. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి సీసా నా చేతిలో పెట్టేసింది.

“వద్దులెండి. మాట లేదు గానీ మా అత్తగారికి అన్నీ తెలుస్తాయండీ. ఇవి చూపిస్తే ఆవిడ తలెత్తుకోలేరు.”