రేణిగుంట దాటాక, గోడ లోపలి కాలనీలో ఒక ఆదివారం

చిత్తూరులో మేముండేది పిండిమర మీది మొదటి అంతస్తు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మర చప్పుడు నాకు నిద్రలో కూడా వినిపించేది, తర్వాత అలవాటైపోయింది. మా ఆయన రమణకు మాత్రం ఆ పిండి పొడి పడలేదు. చలి మొదలైందంటే దగ్గు, ఆయాసం. ఈసారి డాక్టరు మందులు రాసి, వీలుంటే ఇల్లు కూడా మారండి అన్నారు. అదే సమయానికి మా పిన్ని కూతురు సుజాత ఫోన్ చేసింది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్ళే దారిలో, రేణిగుంట దాటాక, ప్రహరీ ఉన్న ఒక కాలనీలో వాళ్ళు ఉంటున్నారు. పక్క వీధిలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందట. ఒక ఆదివారం వచ్చి పొద్దుణ్నించి సాయంత్రం దాకా ఉండి చూడమంది. ఊరి చివర ఇలాంటి చోట ఇల్లు తీసుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి, చూసింది చూసినట్టు రాస్తున్నాను. అందులో కొంత రాయడానికి చేయి రావడం లేదు.

కార్తీక మాసం చివరి రోజులు. అంతకు ముందు వారమంతా వానలు. చిత్తూరు బస్టాండులో ఆరున్నరకు తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే నాకు టికెట్ లేదు, ఆయనకు నూరు రూపాయల పైచిలుకు. పాకాల, చంద్రగిరి మీదుగా రెండు గంటల ప్రయాణం. దారి పొడుగునా చెరువులు నిండి ఉన్నాయి. తిరుపతి బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, శ్రీకాళహస్తి బస్సులో రేణిగుంట వెళ్ళి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. బేరం లేకుండా నూట యాభై అన్నాడు డ్రైవరు. కాలనీ పేరు చెప్పగానే, "గేటు కాడ దించేస్తా సార్. లోపలికి ఆటోల్ని పోనియ్యరు" అన్నాడు. డ్రైవరు అన్నట్టే జరిగింది. వాచ్‌మన్ గంగాధరం, నలభై దాటిన మనిషి, సుజాతకు ఫోన్ చేసి, ఆమె సరేనన్నాకే మమ్మల్ని లోపలికి పంపాడు. మొహం బాగా పీక్కుపోయి ఉంది. రాత్రి డ్యూటీ కాబోలు అనుకున్నాను.

లోపల అడుగుపెట్టగానే నాకు తెలిసిన మొదటి సంగతి మా ఆయన దగ్గడం లేదని. వెడల్పాటి సిమెంటు రోడ్లు, వేపచెట్లు, గోడ అవతల స్వర్ణముఖి గట్టు. పిల్లలు రోడ్డు మధ్యలో సైకిళ్ళు తొక్కుతుంటే ఎవరూ అరవడం లేదు. కొళాయి ఎప్పుడు తిప్పినా నీళ్ళు. సుజాత వాళ్ళ వంటింటి కిటికీ తెరిస్తే గట్టు మీది గాలి నేరుగా వస్తుంది. మా ఇంట్లో కిటికీలు తెరిచి ఎన్నాళ్ళయిందో.

ఇబ్బందులు కూడా సుజాతే చెప్పింది, దాచలేదు. కొత్తిమీర కట్ట కావాలన్నా రేణిగుంట వెళ్ళాలి. చీకటి పడితే ఆటో దొరకదు. బండి లేని ఆడవాళ్ళు ఎవరో ఒకరిని అడిగి వెళ్ళాల్సిందే. బట్టలు ఎక్కడ ఆరేయాలో, చుట్టాల బండి ఎక్కడ పెట్టాలో కూడా కాలనీ సంఘం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తేలుతుంది. "కానీ అక్కా, పోయిన ఏడాది ఈయనకు గుండె నొప్పి వచ్చినప్పుడు మన చుట్టాలు వచ్చేలోపలే వీళ్ళు ఆస్పత్రిలో చేర్చేసినారు" అంది. కారు తీసింది సంఘం కార్యదర్శి. రిటైరైన ఇంజనీరు. మధ్యాహ్నం ఆయనే స్వయంగా వచ్చి మాకు అమ్మకానికున్న ఇల్లు చూపించారు. మా ఆయన దగ్గు సంగతి విని, ఏ గదిలో మంచం వేసుకుంటే గాలి బాగా వస్తుందో కూడా చెప్పారు. మంచి మనిషి. ఇది ముందే చెప్పాలి.

సంగటి, వేరుశనగ ఊరుబిండి పచ్చడి తిని, రమణా నేనూ ఆ ఇల్లు ఇంకోసారి చూద్దామని బయల్దేరాం. మూడు గంటలై ఉంటుంది. డప్పు పలకల మోత వినిపించింది. మెయిన్ గేటు దగ్గర జనం. అవతల పక్కన ఒక శవం, పాడె మీద. వెనుక ముప్పై, నలభై మంది. ఇవతల కార్యదర్శి, కాలనీవాళ్ళు కొందరు. మధ్యలో గొలుసు పట్టుకుని గంగాధరం.

ఆ మోత విని సుజాత, ఆమె భర్త భాస్కర్ మా వెనకే వచ్చారు. విషయం భాస్కర్ నాకు చెప్పాడు. కాలనీ పక్కనున్న పల్లెవాళ్ళ శ్మశానం ఏటి గట్టున ఉంది. లేఅవుట్ వేయకముందు వాళ్ళ దారి ఈ స్థలం మధ్యగానే పోయేది. గోడ కట్టాక చుట్టూ తిరిగి, కాలువ దాటి వెళుతున్నారు. ఇప్పుడు వానలకు ఆ కాలువ పొంగింది. చనిపోయిన ముసలామె కొడుకు చేతులు కట్టుకుని కార్యదర్శితో అంటున్నాడు.

"ఆ పక్క నడుంలోతు నీళ్ళు పోతాండాయి సార్. పాడె ఎత్తుకోని దిగలేము. ఈ ఒక్క తూరి ఎనక గేటు తీస్తే, నేరుగా గట్టు మీదికి పోతాము."

కార్యదర్శి గొంతు పెంచలేదు. ఈ రోజు ఒప్పుకుంటే రేపు అది హక్కు అవుతుందని, కోర్టుకు పోతే కాలనీ అంతా ఇబ్బంది పడుతుందని నిదానంగా చెప్పారు. ఒకరింట్లో వ్రతం జరుగుతోందని పక్కనున్నాయన అందుకున్నాడు. పిల్లలు జడుసుకుంటారని ఇంకొకావిడ. అప్పుడు కార్యదర్శి చూపు మా మీద పడింది.

"ఇదిగో, చిత్తూరు నుంచి ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళేమనుకుంటారో మీరే ఆలోచించండి" అన్నారు.

అందరూ మా వైపు తిరిగారు. కొడుకు నన్నే చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అడగాల్సిన మనుషులు ఇంకా ఇద్దరు మిగిలారు కాబట్టి అడుగుతున్నట్టు అడిగాడు.

"మీకేమన్నా అడ్డమా అమ్మా?"

సుజాత నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వేమీ మాట్లాడొద్దక్కా. రేప్పొద్దున ఈడ ఉండాల్సింది మేము" అంది చెవిలో. రమణ నేల చూస్తున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. మాకేం అడ్డం లేదనా, నన్ను అడగొద్దనా? అతనికి ఎలా అర్థమైందో తెలియదు. నాకే తెలియదు. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట కోసం అతను కాసేపు ఎదురు చూశాడు కూడా.

చివరికి మాట్లాడింది గేటు నుంచి మూడో ఇంటి పెద్దావిడ. చేతికర్ర పట్టుకుని వచ్చి, "శవాన్ని వీధిలో నిలబెట్టి పంచాయితీ ఏందప్పా? ముందు దావ ఇయ్యండి" అంది. కార్యదర్శి కొన్ని షరతులు పెట్టి ఒప్పుకున్నారు. పలకలు కొట్టకూడదు, టపాసులు కాల్చకూడదు, రోడ్ల మీద పూలూ బొరుగులూ చల్లకూడదు. కొడుకు అన్నిటికీ సరేనన్నాడు. గంగాధరం గొలుసు తీసి, టోపీ తీసి పక్కకు నిలబడ్డాడు. పాడె అతని ముందు నుంచి పోతుంటే రెండు చేతులూ ఎత్తి మొక్కాడు, కానీ వెంట వెళ్ళలేదు. గేటు వదిలి పోకూడదు. చనిపోయినామె అతనికి సొంత పెద్దమ్మ అని భాస్కర్ అప్పుడు చెప్పాడు.

అంతమంది అలా చప్పుడు లేకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏడ్చేవాళ్ళు కూడా కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఎవరూ పూలు చల్లలేదు. కానీ పాడెకు కట్టిన బంతిపూల దండల్లోంచి రేకులు రాలుతున్నాయి. అందరికన్నా వెనుక ఒకామె, ఆ ముసలామె కూతురట, వంగి వంగి ఆ రేకుల్ని ఏరి కొంగులో వేసుకుంటోంది. తల్లి ముందు పోతుంటే ఈమె కాలనీ రోడ్డు శుభ్రం చేస్తూ వెనకబడిపోతోంది.

నేనూ వెళ్ళి ఆమె పక్కన వంగాను. నాలుగు రేకులు తీశాను. ఆమె నా చేయి తగలకుండా తన చేయి అడ్డం పెట్టింది.

"మీకెందుకులేమ్మా. ముట్టుకుంటే మళ్ళా తానం జెయ్యల్ల మీరు" అంది.

నా అరచేతిలో ఉన్న రేకుల్ని ఆమె కొంగులో వేశాను. ఆమె లేచి, ముందు పోతున్నవాళ్ళను అందుకోవడానికి పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయింది. వెనక గేటు మూసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి గట్టు మీద పలకలు మళ్ళీ మోగాయి.

అయిదున్నరకు భాస్కర్ మమ్మల్ని తన కారులో రేణిగుంట దించాడు. చిత్తూరు బస్సులో పాకాల దాటాక రమణ, "నువ్వన్నా చెప్పింటే బాగుండు" అన్నాడు. "నువ్వు చెప్పలేదే" అన్నాను. అంతే. ఇంటికి వచ్చేసరికి మర ఆగిపోయి ఉంది, మెట్ల మీద పొడి ఉంది, ఆయనకు దగ్గు మొదలైంది.

రెండు వారాల తర్వాత సుజాత అడిగింది ఏం అనుకున్నారని. వద్దనుకున్నామని చెప్పాను. ఎందుకని అడిగితే దూరమైపోతుందన్నాను. అది నిజం కాదు, ఆమెకూ తెలుసు. రెండోసారి కూడా నోరు రాలేదు నాకు. కాలనీలోవాళ్ళు చెడ్డవాళ్ళని ఇప్పటికీ అనలేను. భాస్కర్ ప్రాణం కాపాడింది వాళ్ళే. ఆ గాలి, ఆ నీళ్ళు, ఆ నిదానం అన్నీ నిజమే, అవి నాకు ఇప్పటికీ కావాలి. గోడ లోపల ఒకరికొకరు అంత అండగా ఉండే మనుషులు, గోడ అవతలి మనిషి చేతులు కట్టుకుని నిలబడితే లెక్కలు వేశారు. నేను అక్కడ ఇల్లు కొనలేదు, సంఘంలో చేరలేదు. ఒక్క పూట చుట్టపుచూపుగా ఉన్నందుకే ఆ లెక్కలో నేనూ ఒక కారణాన్నయ్యాను. గుర్తొచ్చినప్పుడల్లా నాకు సిగ్గేసేది అందుకే.

మీరు ఇలాంటి చోట ఇల్లు చూడ్డానికి వెళితే నాదొక సలహా. లోపల గదులూ నీళ్ళూ చూసుకోండి. తర్వాత ఒక గంట ఎక్కువ పెట్టుకుని గోడ బయటి వైపు చుట్టూ నడిచి, పక్క పల్లెలో టీ తాగుతూ, గోడ రాకముందు మీరు ఎటు నుంచి పోయేవాళ్ళు అని అక్కడివాళ్ళను అడగండి. అడ్వాన్సు ఇచ్చేముందు అడగండి.