ఊరి పేరు అడిగిన సారు

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే జిరాక్స్ షాపుల నుంచి వేడి కాగితం వాసన ముక్కుకు కొడుతుంది. అందరూ ఫోన్లలోనే చదువుతున్నారంటారు గానీ ఆ వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. మొన్న పని మీద అటు వెళితే ఆ వాసనకి కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. మల్లేశం సార్ గుర్తొచ్చారు. మీరాయన్ని చూసి ఉండరు. సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. లిఫ్టు లేని ఒక పాత భవనంలో, పై అంతస్తులో, మాలాంటి ఉద్యోగం లేని వాళ్లకి సర్వర్ల కోర్సు చెప్పేవారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మార్కరు, ముక్కు మీద కోపం.

నేను తెనాలి నుంచి వచ్చాను. ఏడాదిలోగా ఉద్యోగం నిలబడకపోతే తిరిగి వచ్చేస్తానని నాన్నకి మాటిచ్చి మరీ వచ్చాను. అమీర్‌పేటలో అందరూ చేసే పనే నేనూ చేశాను. ఫీజు కట్టకుండా ఈ ఇన్‌స్టిట్యూట్ డెమో, ఆ ఇన్‌స్టిట్యూట్ డెమో అంటూ ఉచిత క్లాసులన్నీ చుట్టబెట్టాను. మల్లేశం సార్ డెమోకి వెళ్లాక ఇంకో మెట్టు ఎక్కలేదు. ఆయన హాజరు మనుషుల పేర్లతో వేసేవారు కాదు. ఒక్కొక్కరికి ప్రపంచంలో ఒక్కో ఊరు అప్పగించేవారు. కైరో అని పిలిస్తే ఆ ఊరి వాడు లేచి, అక్కడ గడియారాల సంగతి చెప్పాలి. నా పక్కవాళ్లకి కైరో, లిమా లాంటివి దక్కాయి. నాకు మాత్రం కోల్‌కతా. నాకు ఒళ్లు మండింది.

"మనం ఉన్నది హైదరాబాద్‌లో కదా సార్, కంప్యూటర్‌లో టైము పెట్టుకునే ఊళ్ల జాబితాలో మన ఊరి పేరెందుకు లేదు?" అని అడిగేశాను.

"మస్తు అడిగినవ్," అంటూ బోర్డు వైపు తిరిగారు. "కంప్యూటర్ కాలానికి దేశం పేరు పెట్టదు. ఖండం పేరు రాసి, పక్కన ఒక ఊరి పేరు రాస్తది. దేశాల హద్దులు మారుతయ్, ఊరు ఆడ్నే ఉంటది. మన దేశమంతా ఒక్కటే గడియారం, గందుకే ఒక్క పేరు చాలు. అప్పట్ల పెద్ద ఊరని కోల్‌కతా పెట్టిన్రు. నీకేం ఫికర్?"

"ప్రపంచ ప్రామాణిక సమయం కంటే ఐదున్నర గంటలు ముందు అని రాసుకుంటే అయిపోతుంది కదండీ, ఈ ఊళ్ల గోలెందుకు?"

"ఐదున్నర అనేది ఇయ్యాల్టి లెక్క బిడ్డా. రెండో ప్రపంచ యుద్ధం నాడు మన గడియారాన్ని సుత ఒక గంట ముందుకు జరిపిన్రు. అంకెకు గది ఎట్ల తెలుస్తది? ఊరి పేరెనక నిన్నటి లెక్క ఉంటది, రేపటి లెక్క ఉంటది."

ఆ రోజే నాకు కోల్‌కతా మీద కోపం పోయింది. కాసాబ్లాంకా వంతు వచ్చిన ఫరీద్ లేచి, "రంజాన్ నెలంతా అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతరు సార్, అయిపోయినంక మళ్లా ముందుకు," అని చెప్పినప్పుడు మేమంతా నోళ్లు తెరిచాం. సార్ మాత్రం, "చూసిన్రా, చంద్రుణ్ని చూసి నడిచే గడియారం," అని మురిసిపోయారు.

కొన్నాళ్లకి పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. విదేశాల్లోని రోగులకి ఇక్కడి ఫిజియోథెరపీ డాక్టర్లు వీడియోలో వ్యాయామం చేయించే సాఫ్ట్‌వేర్ మాది. రోగి పేరు నమోదు చేసేటప్పుడు మనకీ వాళ్లకీ ఎన్ని గంటల తేడా అని అడిగి, ఆ అంకెనే దాచుకునేవారు. ఊరి పేరు దాచుకోవాలని మా టీమ్ లీడర్ వాణి గారితో అన్నాను.

"ఏంటమ్మా పద్మజా, బాగా నడుస్తున్న దాన్ని కెలుకుతావా? నీ ప్రొబేషన్ ఈ నెలాఖరుతో అయిపోతుంది, గుర్తుందా?" అన్నారావిడ. నేను వదల్లేదు. నా మొండితనం భరించలేక చివరికి, "సరే, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా వస్తే నీదే పూచీ," అన్నారు.

భయంతో సార్‌కి ఫోన్ చేశాను. ధైర్యం చెబుతారనుకుంటే, "పేరు పెడితే అయిపోదు. ఏ దేశమోళ్లు గడియారం మార్చినా ఊళ్ల గడియారాల పట్టికల ఎక్కిస్తరు. నీ సర్వర్ల కొత్త పట్టిక ఎక్కించినవా లేదా?" అని తిట్టారు. ఎక్కించలేదు. పరుగున వెళ్లి ఎక్కించాను.

రంజాన్ వచ్చింది. కాసాబ్లాంకాలో మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ మా రోగి. ఆవిడ వ్యాయామం మన లెక్కలో మధ్యాహ్నమని అంకె చూపించింది, ఇంకో గంట తర్వాతని ఊరి పేరు చూపించింది. అంకె చెప్పిన వేళకే డాక్టరు గారిని కూర్చోబెట్టారు. తెర మీదికి ఎవరూ రాలేదు. ఆఫీసంతా ఆ తెర చుట్టూ చేరింది. "ఇంకో గంట ఆగండి," అన్నాను. ఆ గంటసేపూ నాకు తెనాలి బండే కళ్ల ముందు మెదిలింది.

సరిగ్గా నేను చెప్పిన వేళకి తెర వెలిగింది. తలకి పూల రుమాలు కట్టుకున్న పెద్దావిడ నవ్వుతూ సలాం చెప్పి, అడగకుండానే మోకాలు ఎత్తి చూపించింది. మా వాళ్లంతా చప్పట్లు కొట్టారు. వాణి గారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇక నుంచి టైము సంగతి ఏదైనా పద్మజనే అడగండి. ఈ అమ్మాయి మనతోనే ఉంటుంది," అని అందరి ముందూ చెప్పారు. అబ్బ, ఎంత పొంగిపోయానో చెప్పలేను.

సాయంత్రం అమీర్‌పేటకి దాదాపు పరుగెత్తాను. క్లాసు నడుస్తోంది. గుమ్మంలోనే నిలబడి, రొప్పుతూ, జరిగిందంతా చెప్పేశాను. సార్ శభాష్ అనలేదు. మార్కరు నా చేతిలో పెట్టి, "ఇయ్యాల క్లాసు నువ్వే చెప్పు," అని వెళ్లి చివరి బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారు.

నేను చెప్పాను. ఎక్కడా తడబడలేదు. అందరికంటే ముందు చెయ్యెత్తి నన్ను ప్రశ్న అడిగింది ఆయనే. "జర అర్థం కాలేదు మేడం, మళ్లొక్కసారి చెప్పుండ్రి," అన్నారు. ఇవాళ ఎంత పెద్దవాళ్ల ముందు నిలబడి మాట్లాడినా నా గొంతు వణకదు. మా సార్ నన్ను మేడం అన్నారు మరి.